తండ్రికీ ఒక రక్తపరీక్ష

తల్లిపాలను ప్రోత్సహిస్తున్నందుకు బాన్సువాడ మాతాశిశు ఆసుపత్రికి 2022లో జాతీయ స్థాయి గుర్తింపు దక్కింది. ఆ పాల మాట తీసినప్పుడు హెచ్‌ఐవీ మాటా తీయక తప్పదు. కడుపులో ఉండగా, కాన్పు సమయంలో, పాలిచ్చే రోజుల్లో తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకవచ్చు. మందులు వాడకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు ఆ ముప్పు ఉంటుంది. తల్లి క్రమం తప్పకుండా మందులు వాడితే అది 5 కన్నా తక్కువకు దిగుతుంది, బిడ్డకు పాలూ ఇవ్వవచ్చు. అందుకే గర్భిణులకు పరీక్ష చేస్తున్నాం. ఆమెకు పాజిటివ్ అని తేలితే భర్తను పిలుస్తాం. నెగెటివ్ వస్తే సాధారణంగా ఆయన ఊసే ఎత్తం. మన జాగ్రత్తలో పెద్ద చిల్లు ఇదే.

2010తో పోలిస్తే 2023 నాటికి దేశంలో కొత్తగా వైరస్ సోకడం 44 శాతం తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. అయినా ఆ ఒక్క ఏడాదిలోనే 68 వేల మందికి పైగా కొత్తగా సోకింది. వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు ఆ ఏడాది దేశ సగటున 0.20 శాతం కాగా తెలంగాణలో అది 0.44, ఆంధ్రప్రదేశ్‌లో 0.62. మన దగ్గర ప్రధానంగా స్త్రీ పురుషుల కలయిక ద్వారానే సోకుతోంది. అంటే, తన తప్పేమీ లేని ఇల్లాలికి కట్టుకున్నవాడి నుంచే రావచ్చు. మూడో నెలలో నెగెటివ్ వచ్చిన కాగితం ఏడో నెలకు భరోసా కాదు. పైగా కొత్తగా సోకిన వారాల్లోనే ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. అప్పుడే బిడ్డకు ముప్పు ఎక్కువ.

మగవాళ్లను పరీక్షకు పిలిస్తే సంసారాల్లో అనుమానాలు రేగుతాయని కొందరి భయం. ఏ ఒక్కరినో వేరుచేసి పిలిస్తే అది నిజమే. కడుపుతో ఉన్న ప్రతి స్త్రీ భర్తనూ పిలిస్తే అనుమానానికి తావెక్కడ? అంతకన్నా పెళ్లికి ముందే నిర్బంధంగా పరీక్ష చేయిస్తే సరిపోతుందని మరికొందరి వాదన. పెళ్లినాటి కాగితం ఆ తర్వాతి ఏళ్ల గురించి ఏమీ చెప్పదు. బలవంతం చేస్తే జనం ఆసుపత్రికి దూరమవుతారు. 2018లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం పరీక్షకు సమ్మతినీ, ఫలితం విషయంలో గోప్యతనూ కోరుతున్నది అందుకే. మగవాళ్లు రారన్న మాటా నిలవదు. గల్ఫ్ వీసా కోసం కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి ఎందరో ఇదే పరీక్షకు వరుసలో నిలబడ్డారు.

పాజిటివ్ అని తేలినా బతుకు అక్కడితో ఆగిపోదు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. వాటిని మానకుండా వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితిని నిలుపుకున్న మనిషి నుంచి కలయిక ద్వారా మరొకరికి సోకదు. గర్భిణి తొలిసారి ఆసుపత్రికి వచ్చిన రోజునే దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, విషయం చెప్పి, ఒప్పించి పరీక్ష చేయాలి. కాన్పుకు ముందు మరోసారి చేయాలి. వీసా కోసం చాచిన చేతిని బిడ్డ కోసం చాచడం నామోషీ కాదు, అది తండ్రి బాధ్యత.

– మంజీర, బాన్సువాడ