కడుపు లేని గుర్రానికి మూడు పూటలా తిండి

తోకతో నీటి మొక్కను చుట్టుకుని నిటారుగా నిలబడే సముద్ర గుర్రాన్ని టీవీలో చూసి "మనం కూడా పెంచుకోవచ్చా?" అని అడిగేవారికి ముందే చెప్పేస్తాను. మన దేశంలో కుదరదు. 2001 నుంచి ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వచ్చింది. పట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరాలే. ఎవరైనా గుట్టుగా తెచ్చిస్తామన్నా ఒప్పుకోకండి.

అమెరికాలో మాత్రం తొట్టెల్లోనే పుట్టి పెరిగినవాటిని అమ్ముతారు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు ఒక జంటను పెంచుతోంది. మీ పిల్లలో, తోబుట్టువులో అక్కడుండి ముచ్చటపడుతుంటే ఈ సంగతులు వాళ్ళ చెవిన వేయండి.

ఈ జీవికి పళ్ళూ లేవు, కడుపూ లేదు. తిన్నది పేగుల్లోంచి గబగబా వెళ్ళిపోతుంది. ఒకసారి పెట్టి ఊరుకుంటే బతకదు, రోజుకి రెండు మూడుసార్లు తప్పదు. మన చేపలకు చల్లే పొడి తిండి ముట్టదు. మైసిస్ అనే బుల్లి రొయ్యలు ఐసు గడ్డల్లా దొరుకుతాయి, వాటిని కరిగించి, కడిగి పెట్టాలి. వెంటపడి తినే రకం కాదిది. మూతి దగ్గరికొస్తే లటుక్కున పీల్చేస్తుంది, అంతే. చురుకైన చేపల్ని తోడుగా వేశారో, అవే మొత్తం మింగేస్తాయి, ఇది కళ్ళెదుటే మాడి చస్తుంది. మా చెల్లెలు తొట్టె అడుగున ఒక ఆల్చిప్ప పెట్టి, గొట్టంతో తిండి అందులో వదులుతుంది. కంచం చప్పుడు విని పిల్లలొచ్చినట్టు రెండూ అక్కడికే వస్తాయట! తినగా మిగిలింది వెంటనే తీసేయాలి, లేకపోతే నీళ్ళు పాడైపోతాయి. తొట్టె ఎత్తు అడుగున్నరకి తగ్గకూడదు. ఉప్పునీళ్ళు 22 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే క్రిములు పెరిగి జబ్బు చేస్తాయి.

మా తమ్ముడి పెళ్ళికి ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. "వాటికి మూడు పూటలా ఎవరు పెడతారక్కా" అంటూ మా మరిదిగారిని కాపలా ఉంచింది. ఊరికి వెళ్ళడం అలవాటున్న ఇంట్లో ఇది పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

అన్నట్టు, ఇందులో గర్భం మోసేది మగది. (మీవారికి చదివి వినిపించండి!) ఆడది గుడ్లను మగదాని సంచిలో పెడుతుంది. సుమారు మూడు వారాలకు వందల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ తర్వాత తల్లీ పట్టించుకోదు, తండ్రీ పట్టించుకోడు. వాటిని వేరే తొట్టెలోకి మార్చి, రోజంతా కాస్త కాస్తగా అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లల్ని వేస్తుండాలి. మొదటి కాన్పులో మా చెల్లెలికి పదకొండే దక్కాయి.

ఆర్టీమియా పొదగడం మాత్రం మనకూ పనికొస్తుంది. మన తొట్టెల్లో గప్పీలు పిల్లల్ని పెడుతుంటాయి కదా, వాటికి ఇంతకన్నా మంచి తిండి లేదు. గుడ్లు అక్వేరియం దుకాణాల్లో అమ్ముతారు. లీటరు నీళ్ళలో 25 గ్రాముల రాళ్ళ ఉప్పు కలిపి, అరచెంచా గుడ్లు వేసి, గాలి గొట్టంతో బుడగలు వదలండి. లైటు వెలుగు తగలాలి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజుకి పొదుగుతాయి. అప్పుడు గాలి ఆపేస్తే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందకి చేరతాయి. వాటిని గొట్టంతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి వేయండి. పెంకులు మాత్రం పడనివ్వకండి, చేపపిల్లల పేగులకి అడ్డుపడతాయి.