పింఛనొక్కటే చాలదు

సంపాదకులకు,

దివ్యాంగుల పింఛను పెంపు ఖజానాకు భారమన్న వ్యాసం చదివి చాలా బాధపడ్డాను. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో అది 6,000 రూపాయలైంది, నిజమే. కేంద్రం ఇచ్చేది మాత్రం 2012 నుంచీ 300 దగ్గరే ఉంది, అదీ 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకే. ఇలాంటి పథకాల్లో ఇతరులకన్నా కనీసం 25 శాతం ఎక్కువ సాయం అందాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది కదా!

అయితే పింఛనొక్కటే చాలదు. మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వారానికొక్కసారే వస్తారు. ఆ మాత్రం వ్యాయామంతోనే వాడు చెంచా పట్టాడు. పెరుగన్నం సగం చొక్కా మీదే పడుతుంది, అయినా నన్ను తినిపించనివ్వడు. వేసవి సెలవులొస్తే వ్యాయామం ఆగి, కాళ్లు మళ్లీ బిగుసుకుపోతాయి. ప్రైవేటులో చేయిస్తే పింఛను సగం నెలకు కూడా చాలదు. థెరపిస్టులు రోజూ ఉండేలా ఈ బడ్జెట్‌లోనే నిధులివ్వాలి.

— ఒక తల్లి, పల్నాడు జిల్లా