ఎండలో లోయకు నడక

ప్రశ్న: చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతరకు పోదామనుకుంటున్నాము. రానూపోనూ మూడు రోజులు. మా నాన్నగారు కూడా వస్తానంటున్నారు. వయస్సు 58. బీపీకి మందు వాడుతున్నారు. ఉపవాసంతో నడుస్తారట. పల్నాటివాళ్ళం, ఎండ మాకు కొత్తా? అయినా అమ్మ భయపడుతున్నది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, మాచర్ల

జవాబు: మీ అమ్మగారి భయం సబబైనదే. రెంటచింతల ఎండలు చూసినవాళ్ళమన్న ధీమాయే మనవాళ్ళను దెబ్బతీస్తుంది. ఫ్యాను కింద కూర్చుని ఎండను చూడటం వేరు, అందులో నడవటం వేరు. శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. కనుక ఇప్పటినుంచే రోజూ సాయంత్రం పొద్దుండగానే అరగంటతో మొదలుపెట్టి గంట వరకు నడవండి.

సలేశ్వరం లోయలో ఉన్నది. దిగేటప్పుడు సులువుగానే ఉంటుంది. ఎక్కవలసింది తిరుగుప్రయాణంలో, అలసిపోయిన తర్వాత. అందుకే సగానికి పైగా నీళ్ళు తిరుగుదారికి దాచుకోండి. తెల్లవారుజామున బయలుదేరి, 11 నుంచి 4 గంటల వరకు నీడపట్టున ఆగండి. నడిచే మనిషికి గంటకు అరలీటరు నుంచి లీటరు నీరు పడుతుంది. ఒట్టి నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి వాంతులు, మగత వస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి. దొరకకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలవండి. వాగునీరు క్లోరిన్ బిళ్ళ వేసి, అరగంట ఆగి తాగండి.

ఇక నాన్నగారి సంగతి. బీపీ మందుల్లో మూత్రం ఎక్కువగా పోయేట్లు చేసేవి ఉన్నాయి. వాటికి ఎండ, ఉపవాసం తోడైతే కళ్ళు తిరిగి పడిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అలాగని మందు సొంతంగా మానరాదు. చీటీ పట్టుకుని ఆయన డాక్టరును ముందే కలవండి. ఉపవాసం మాత్రం వద్దనండి. దేవుడికి సమాధానం నేను చెప్పుకుంటాను!

చాలా ఏళ్ళ కిందట గురజాల వైపు పనిచేస్తుండగా, ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి ట్రాక్టరులో తెచ్చారు. మధ్యాహ్నం నుంచి పొంతన లేని మాటలు. జ్వరమనుకుని ఇంట్లో పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పారు. నేను చూసేసరికి 107 డిగ్రీలు. దక్కలేదు. ఆ దుప్పటి నాకు ఇప్పటికీ గుర్తే. వడదెబ్బ వేడి బిళ్ళకు లొంగదు. ఎండలో మాట తడబడినా, మనిషి తిక్కగా ప్రవర్తించినా, చెమట పోస్తున్నా సరే, వడదెబ్బగానే భావించండి. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. ఆ పని ఆపకుండానే 108కి కబురు చేయండి. అడవిలో ఫోను అందకపోవచ్చు, ఎక్కడ అందుతుందో అటవీశాఖవారిని ముందే అడిగి ఉంచుకోండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు.

డాక్టరు వద్దంటే నాన్నగారిని ఇంటి దగ్గరే ఉంచి, ప్రసాదం తెచ్చిపెట్టండి.