‘ఫౌజీ’లో లేని అమ్మాయి
బోధన్ శక్కర్‌నగర్‌లో చెరకు బండ్లు బారులు తీరిన కాలంలో, 1989లో, దూరదర్శన్‌లో ‘ఫౌజీ’ వచ్చింది. కర్నల్ రాజ్ కపూర్ తీసిన ఆ సీరియల్‌లో అభిమన్యు రాయ్‌గా షారుక్ ఖాన్‌ను చూసి మా ఈడు పిల్లలం సైన్యాన్ని కలగన్నాం. ఇప్పుడు మళ్లీ చూస్తే ఆ స్నేహం, ఆ క్రమశిక్షణ మనసును తడుముతూనే ఉన్నాయి. కానీ శిక్షణ పొందే కుర్రాళ్ల వరుసలో ఒక్క అమ్మాయీ లేదు. సైనిక బడిలో చేరిన అమ్మాయి కథను అమెరికా 2002లోనే ‘క్యాడెట్ కెల్లీ’ టీవీ సినిమాగా చూపింది. మన సైనికాధికారులను తీర్చిదిద్దే జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) తలుపులు అమ్మాయిలకు సుప్రీంకోర్టు ఆదేశంతో 2021లో తెరుచుకున్నాయి. 2025 మేలో 17 మంది అమ్మాయిలు అక్కడ శిక్షణ ముగించారు. బాక్సర్ నిఖత్ జరీన్ పుట్టిన మా నిజామాబాద్‌లో ఆడబిడ్డల ధైర్యానికి కొదవ లేదు. వాళ్ల కథను తెలుగు తెర ఇకనైనా చెప్పాలి.