పేరు లేని పొయ్యికి మూడు అడుగులు వదలండి



ఈసారి వీడియో పురుగు మీద కాదు, పంట మీదా కాదు. ఒక పాత ఇనుప పొయ్యి మీద. "పొయ్యికి కూడా వీడియోనా అన్నా?" అని మా దగ్గర పనిచేసే పిల్లోడు నవ్వినాడు. కానీ ప్రకృతి వ్యవసాయం చేసే మనలో చాలామంది ఇళ్ల దగ్గర, కషాయాలు తయారుచేసి అమ్మే షాపుల దగ్గర ఇట్లాంటి పొయ్యి ఒకటి ఉంది. అది ఎవరు చేసినారో తెలియదు, ఎంత వేడి విడుస్తుందో తెలియదు. గోడకు ఎంత దూరంలో పెట్టాలో అసలు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అందుకే రాస్తున్నా.

జరిగింది ఇది

నేను వ్యవసాయ డిప్లొమా చేసి, ఉన్న పొలంలో సేద్యం చేసుకుంటూ, పక్కన కషాయాలు, ద్రావణాలు తయారుచేసి అమ్ముతుంటాను. అగ్నిఅస్త్రం సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. ఆవు మూత్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు వేసి ఉడికించాలి. ఆ ఘాటుకు ఇంట్లో ఎవరూ నిలబడలేరు. అందుకని పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒక బరువైన పొయ్యి కొని, దొడ్లో ఉన్న కొట్టంలో పెట్టినాను. పైన బోద కప్పు. మూడు వైపులా కందికట్టె తడికె, పేడతో అలికింది. వెనక తడికెకు, పొయ్యికి మధ్య అడుగు దూరం. అంతే.

మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం కషాయం కలిపే అక్క వచ్చి, "అన్నా, మంట ఆరిపోయి గంటయింది, ఇంకా కాలిన వాసన వస్తాంది" అని చెప్పింది. పోయి తడికె మీద చెయ్యి పెట్టినాను. అలికిన పేడ పెళ్లలుగా ఊడివచ్చింది. లోపల కంది కట్టెలు నల్లగా, వేలితో నొక్కితే పొడి అయినాయి. మంట ఎక్కడా కనపడలేదు. లోపల్లోపలే బొగ్గయిపోయింది.

ఆ తడికె వెనక ఇరవై అడుగుల దూరంలో వేరుశనగ కట్టె వామి ఉంది. మా ఆవులకు ఎండాకాలమంతా అదే మేత. అది పోతే ఈ కరువు సీమలో మేత కొనాలి, కొనలేకపోతే ఆవుల్ని అమ్ముకోవాలి. ఆవులు పోతే జీవామృతం ఎక్కడిది, ఘనజీవామృతం ఎక్కడిది? ఒక అడుగు దూరం దగ్గర చేసిన లెక్క తప్పు నా సేద్యం మొత్తాన్ని మింగేదే.

మంట తగలకుండానే ఎట్లా కాలింది?

కట్టె అంటుకోవాలంటే మంట తగలాలని మనం అనుకుంటాము. కొత్త ఎండు కట్టె మామూలుగా 250 డిగ్రీలు దాటితే గానీ అంటుకోదు. కానీ అదే కట్టెకు రోజూ సెగ తగులుతుంటే నెలల తరబడి కొద్దికొద్దిగా బొగ్గుబారుతుంది. అట్లా బొగ్గుబారినది అంతకంటే చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. అందుకే "మూడు నెలలు ఏమీ కాలేదు కదా" అనే మాట ధైర్యం ఇవ్వకూడదు. ఆ మూడు నెలలూ తడికె లోపల ప్రమాదం తయారవుతూనే ఉంది.

ముందు పొయ్యి ఏదో గుర్తుపట్టండి

పాత పొయ్యి మీ దగ్గర ఉంటే ఈ క్రమంలో చూడండి. వీడియోలో ఒక్కొక్కటీ చూపించినాను.

మొదట రేకు ముక్క మీద రాసిన పేరు కోసం వెతకండి. వెనక వైపు, అడుగున, తలుపు లోపలి వైపు చూడండి. తుప్పును తీగ బ్రష్‌తో గీకండి. ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటే మంచిది. కదిలించే వీలున్న కట్టెల పొయ్యిలకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 13152, 2013లో సవరించినది. దాని ప్రకారం మామూలు గాలితో మండే పొయ్యి కనీసం 25 శాతం, ఫ్యాన్ ఉన్నది 35 శాతం వేడిని గిన్నెకు అందించాలి. పొగకూ హద్దు ఉంది. నా పొయ్యికి మాత్రం రెండు రివిట్ రంధ్రాలే మిగిలినాయి. పొంగిన ఆవు మూత్రం కారి కారి ఉన్న రేకు కూడా తినేసి ఉంటుంది.

పేరు దొరక్కపోతే ఒళ్లు చూడండి. మందంగా, అచ్చులో పోసినట్టు ఉంటే పోత ఇనుము. అతుకుల దగ్గర వెల్డింగ్ మచ్చలుంటే ఊర్లో వెల్డింగ్ షాపులో చేసినది. పక్కన కట్టె పెట్టే నోరు, నిలువుగా మంట గొట్టం ఉంటే రాకెట్ పొయ్యి. కింద కొన్ని, పైఅంచు దగ్గర కొన్ని గాలి రంధ్రాలుంటే గ్యాసిఫైర్ రకం. లోపల ఇటుక గానీ మట్టి గానీ పూత ఉందా చూడండి. పూత ఊడిపోయిన పొయ్యి బయటి గోడ చాలా ఎక్కువగా కాలుతుంది.

తర్వాత రాత్రిపూట లోపల టార్చి పెట్టి బయట నుంచి చూడండి. వెలుతురు వచ్చే పగులు దగ్గర నిప్పురవ్వా వస్తుంది. పగిలిన పోత ఇనుమును మట్టి పూసి వాడొద్దు.

ఇంత చూసినా పొయ్యి రకమే తెలుస్తుంది గానీ దూరం తెలియదు. అసలు విషయం అక్కడే ఉంది.

తెలియనిదానికి ఎక్కువ దూరం

అమెరికాలో ఇళ్లలో ఇనుప కట్టెల పొయ్యిలు ఎక్కువ. అక్కడ పరీక్ష చేసిన పొయ్యి మీద గోడకు ఎంత దూరం పెట్టాలో రాసి ఉంటుంది. రాసి లేని పొయ్యికి ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే ప్రమాణం ఒక్కటే మాట చెబుతుంది: కాలే వస్తువు ఏదైనా 36 అంగుళాల దూరంలో ఉండాలి. అంటే 3 అడుగులు. ఒకే పొర రేకు పొగగొట్టానికి 18 అంగుళాలు. బూడిద, నిప్పు పడే ముందు వైపు కాలని నేల కనీసం 18 అంగుళాలు. పొగగొట్టం కప్పును దాటిన చోట నుంచి 3 అడుగులు పైకి రావాలి, 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి.

ఆ లెక్క తలుపు మూసి కాల్చే పొయ్యిలకు. మనది నోరు తెరిచిన మంట, పైన పొంగే పాత్ర. అందుకని నా అభిప్రాయంలో 3 అడుగులు మనకు కనీసం. బోద కప్పు కిందైతే ఎన్ని అడుగులు వదిలినా వద్దే వద్దు. 3 అడుగులు సెగకు చెప్పిన లెక్క, ఎగిరే నిప్పురవ్వకు కాదు. ఆషాఢం గాలి సంగతి తెలిసిందే, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

స్థలం లేదంటారా? 2 అడుగుల పొయ్యికి నాలుగు వైపులా 3 అడుగులు వదిలితే 8 అడుగుల చదరం కావాలి. నిజమే, చిన్న కొట్టానికి అది బరువే. దానికీ దారి ఉంది. 24 గేజి రేకును గోడకు అంగుళం ఎడంగా, కింద పైన గాలి ఆడేట్టు నిలబెడితే అదే ప్రమాణం 36 అంగుళాలను 12కు తగ్గించుకోనిస్తుంది. రేకుకు, గోడకు మధ్య కట్టె రీపర్లు పెట్టొద్దు, కాలని ముక్కలే పెట్టండి. చాలామంది తడికెకు ఆనించి ఇటుక గోడ కట్టి నిశ్చింతగా ఉంటారు. కానీ గాలి సందు లేకుండా ఆనించిన ఇటుకకు తగ్గింపు 24 అంగుళాల వరకే. ఇటుక కాలదు గానీ వేడిని మెల్లగా వెనక్కి పంపిస్తుంది. వేడిని మోసుకుపోయేది ఆ అంగుళం సందులో పైకి లేచే గాలి.

"తాతలు గుడిసెలోనే వండినారు కదప్పా"

మా ఊర్లో ఒక మామ ఈ మాట అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. తాతల పొయ్యి మట్టిది, మందమైనది, దాని బయటి గోడ ఇనుము అంత కాలదు. వెనక మట్టి గోడ, పైన మట్టి మిద్దె. గుడిసెలో వండినవాళ్లు కూడా మంట దగ్గర నుంచి కదిలేవాళ్లు కాదు. అయినా ఎండాకాలంలో గుడిసెలు, వాములు కాలిన కథలు ప్రతి ఊర్లో ఉన్నాయి, మామకే రెండు తెలుసు. మనం మట్టి పొయ్యి తీసేసి ఇనుము తెచ్చినాము. చుట్టూ టార్పాలిన్లు, ప్లాస్టిక్ డ్రమ్ములు, గోనెసంచులు పెట్టినాము. పొయ్యి మారింది, చుట్టుపక్కల మారింది, అలవాటు మాత్రం పాతదే.

ఇంకో మాట మన గురించి మనమే అనుకోవాలి. మన బుడ్డల ప్యాకెట్ మీద లేబుల్ లేకుంటే పట్నంలో కొనరు. పీజీఎస్ సర్టిఫికెట్ కోసం సాటి రైతులు వచ్చి మన చేను చూస్తారు, మనం వాళ్ల చేను చూస్తాము. ఏ చేలో ఏం వేసినారో తెలియకుండా నమ్మకూడదనేది మన పద్ధతి. మరి మన అక్కలు రోజంతా పక్కన నిలబడే పొయ్యి విషయంలో ఆ పద్ధతి ఏమైంది?

కట్టెల పొయ్యి వద్దని నేను అనను. కందికట్టె, సర్కారు తుమ్మ మన చేలల్లోనే దొరుకుతాయి. పాత పొయ్యి కొనొద్దనీ అనను. పొయ్యి చేసే వెల్డింగ్ అన్నలు దాని మీద పేరు, రేకు మందం, వదలాల్సిన దూరం పంచ్ కొట్టాలి. సంఘాలకు, షాపులకు పొయ్యి ఇచ్చేవాళ్లు ఎవరైనా సరే, దాంతోపాటు ఆ దూరం చెప్పే కాగితం ఇవ్వాలి. వాళ్లు మొదలుపెట్టేదాకా మన పని మనం చేయాలి.

నా పొయ్యి ఇప్పుడు ఇనుప స్తంభాల రేకుల షెడ్డులో, మూడు వైపులా తెరిచిన చోట ఉంది. వామి వంద అడుగుల అవతలకు పోయింది. నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్ పక్కనే ఉంటాయి. పొయ్యి చుట్టూ 3 అడుగుల దూరంలో నేల మీద సున్నంతో గీత గీసినాము. ఆ గీత లోపలికి కట్టె మోపు రాదు, సంచి రాదు, పిల్లలు రారు. చెరిగిపోయినప్పుడల్లా ఆ అక్కే మళ్లీ గీస్తుంది. ఆ రోజు వాసన పట్టింది కూడా ఆమే.

ఈ రోజు సాయంత్రం పొయ్యి చల్లారినాక ఒక టేపు తీసుకుని మీ కొట్టంలోకి పోండి. వెనక గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.