ఖాళీ తూటా ఖాళీ కాదు

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ సంభాషణ రచయితల మీద నాదొక ఫిర్యాదు. 'మోసగాళ్ళకు మోసగాడు' (1971) నాటి నుంచీ తెర మీద తుపాకులు పేలుతూనే ఉన్నాయి. తూటాకూ గుండుకూ తేడా మాత్రం మనం నేర్చుకోలేదు. ఎగిరేది గుండు. ఇత్తడి తొడుగు, ప్రైమరు, మందు, గుండు – ఈ నాలుగూ కలిస్తే తూటా.

ఇది ఛాదస్తమనేవారికి ఒక్క ఉదాహరణ. 1993లో అమెరికాలో 'ది క్రో' చిత్రీకరణ కోసం అసలు తూటాల్లోని మందు పారబోసి, గుండ్లు తిరిగి బిగించి "డమ్మీ"లు తయారుచేశారు. ప్రైమరు తీయలేదు. అది పేలి గుండు గొట్టంలో ఇరుక్కుంది. తరువాత అదే తుపాకీలో "ఖాళీ" తూటా పేల్చగా, ఇరుక్కున్న గుండు బ్రాండన్ లీ ప్రాణం తీసింది.

ఆ "ఖాళీ"లో మందుంది మహాశయులారా! లేనిది గుండొక్కటే.

అచ్చులు కొనుక్కుని ఇంట్లోనే తూటాలు కట్టుకునే అమెరికన్లు ప్రతి భాగాన్నీ విడివిడిగా పేరుపెట్టి పిలుస్తారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. మాట తయారుచేసుకోవడం నేరం కాదు కదా? "గుండులేని తూటా", "మందులేని తూటా" అందాం. మొదటిది పేలుతుందని పేరే చెబుతుంది. రెండవది వినగానే "మరి ప్రైమరు తీశారా?" అని సెట్టు మీద ఒక్కరైనా అడుగుతారు.