తలూపితే ఒప్పుకున్నట్టేనా?

'ఇక్కడ సంతకం పెట్టమ్మా' అని ఆసుపత్రిలో కాగితం చేతికిస్తే మనలో ఎంతమంది చదివి పెడతాం? డాక్టరుగారికి తెలియదా అని పెట్టేస్తాం. కానీ పరిశోధన కోసం అడిగే సంతకం వేరు. ఆ మందు ఎలా పనిచేస్తుందో మన ఒంటిమీదే చూస్తారు. అందుకే ముందు మనకు తెలియాలి.

ఖమ్మం జిల్లాలో జరిగింది నేనింకా మరిచిపోలేదు. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను అధ్యయనం కోసం అక్కడి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలూ వారిలో ఉన్నారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక చూస్తే మనసు చివుక్కుమంటుంది. మన రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! 1,948 మీద వేలిముద్రలు.

నేను టీకాను తప్పుపట్టడం లేదు. అది మంచి టీకాయే. కొందరు పిల్లల మరణాలకు అది కారణం కాకపోవచ్చని విచారణ సంఘమూ చెప్పింది. వేలిముద్రా నేరం కాదు. వేసిన తల్లికి ఎవరైనా విడమరిచి చెప్పారా అన్నదే నా బాధ. మంచి పనికైనా కన్నవాళ్లను అడగొద్దా?

2019 నాటి నిబంధనల ప్రకారం కొత్త మందుల పరీక్షల్లో చదువురాని వారికి వివరించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. అంగీకార పత్రం నకలు మనకివ్వాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి. ఎప్పుడు వద్దనుకున్నా మానేయొచ్చు. అందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

నిబంధనలు సరే, అమలు మాటేమిటి? 'అర్థమైందా?' అంటే మొహమాటానికి అందరం తలూపుతాం. 'మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా' అని అడగాలి. చెప్పలేకపోతే మళ్లీ వివరించాలి, తెలుగులోనో కోయ భాషలోనో. ఇంటికెళ్లి నలుగురితో ఆలోచించుకునే వ్యవధీ ఇవ్వాలి.

మనమూ అడగడం నేర్చుకోవాలి. ఇది వైద్యమా, పరిశోధనా? కష్టమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతామే, ఒంట్లోకి ఎక్కించుకునే మందు గురించి అడగడానికి మొహమాటమెందుకు?